పసిపిల్లలకు వసంత ఋతుచర్య: పెరటి ఆటలు, ఎరువు కుండ

ఋతువులలో వసంతానికి పట్టం కట్టినవారు కవులు. వైద్యులు మాత్రం ఆ ఋతువును ఆదరిస్తూనే కొంత అప్రమత్తతతో చూస్తారు. చలికాలంలో శరీరంలో పేరుకొన్న కఫం వసంతంలో సూర్యకిరణాల వేడికి కరిగి, జఠరాగ్నిని మందగింపజేసి, పలు వ్యాధులకు కారణమవుతుందని చరక సంహిత సూత్రస్థానం ఆరవ అధ్యాయంలోను, వాగ్భటాచార్యుని అష్టాంగ హృదయం సూత్రస్థానం మూడవ అధ్యాయంలోను చెప్పబడి ఉన్నది. బాల్యం స్వభావరీత్యా కఫ ప్రధానమైన వయస్సు. కాలం కఫానిది, వయస్సు కూడా కఫానిదే అయినప్పుడు, ఆ రెండింటి నడుమ చిక్కిన పసివానికి జలుబు, దగ్గు, ఆకలి మందగించడం, ఒళ్ళు బరువు, విసుగు కలగడంలో ఆశ్చర్యం లేదు.

మందు కోసం వచ్చే తల్లులకు ఔషధం ఇవ్వడం వైద్యుని విధి. అయితే ఔషధానికి ముందు విహారాన్ని సరిదిద్దడం మన శాస్త్ర సంప్రదాయం. మూడు సంవత్సరాల నుంచి ఎనిమిది సంవత్సరాల వరకు వయస్సు గల పిల్లలకు వసంతంలో అనువైన విహారం ఏది? మన పెరటిలోనే, అది లేనివారికి వసారాలోనే, ఖర్చు లేకుండా సాధ్యమయ్యే విహారం ఒకటి ఉన్నది. చెట్ల నడుమ ఆట, మట్టితో పని, రాలిన ఆకులతోను, వంటింటి తొక్కలతోను ఎరువు తయారుచేయడం. ఈ వ్యాసంలో దానిని క్రమంగా వివరిస్తున్నాము.

శాస్త్రం ఏమి చెబుతున్నది?

వసంతంలో వ్యాయామం, నలుగు పెట్టుకోవడం, లఘువైన ఆహారం హితకరమని ఆచార్యులు విధించారు. బరువైన, జిడ్డైన, పులుపు, తీపి పదార్థాలను తగ్గించమన్నారు. పగటినిద్ర కూడదన్నారు. దక్షిణపు గాలి వీచే చల్లని వనాలలో, నీటి చెంత, కోకిల కూతలు వింటూ, మిత్రులతో ముచ్చటించుతూ మధ్యాహ్నం గడపవలెనని వాగ్భటుడు చెప్పాడు. అనగా వసంత చికిత్సలో తోటకు, నీడకు, స్నేహానికి కూడా స్థానం ఉన్నది.

నేటి గృహాలలో జరుగుతున్నది చూడండి. మార్చి నడిమికి ఒంటిపూట బడులు మొదలవుతాయి. మధ్యాహ్నం ఇల్లు చేరిన బిడ్డ కడుపునిండా భోజనం చేసి పడుకుంటాడు. లేచిన తరువాత సాయంత్రం వరకు టెలివిజన్ లేదా సెల్‌ఫోను ముందు కూర్చుంటాడు. ఆ చేతిలో బిస్కట్టు పొట్లం ఉంటుంది. గురు భోజనం, పగటినిద్ర, వ్యాయామ లోపం, తీపి: వసంతంలో వద్దన్నవి నాలుగూ ఒకే పూటలో జరిగిపోతున్నాయి.

ఇక్కడ ఒక వివరణ అవసరం. పగటినిద్ర నిషేధం నుంచి బాలురను, వృద్ధులను, దుర్బలులను చరకుడు మినహాయించాడు. కనుక మూడు, నాలుగేళ్ళ పసివానిని నిద్ర ఆపుకోమని బలవంతం చేయవలసిన పని లేదు. కొద్దిసేపు పడుకోనివ్వవచ్చును. బడికి వెళ్ళే పెద్దపిల్లలు గురు భోజనం చేసి గంటల తరబడి నిద్రపోవడమే హానికరం.

ఆధునిక వైద్యం కూడా ఇదే దిశలో పయనిస్తున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం మూడు, నాలుగేళ్ళ పిల్లలు రోజు మొత్తంలో కనీసం 180 నిమిషాలు శరీరం కదిలేలా గడపవలెను. అందులో 60 నిమిషాలు బాగా పరుగులు తీసే ఆట ఉండవలెను. తెర ముందు కూర్చునే సమయం ఒక గంట దాటరాదు. ఇక కంటి సంగతి: చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో బడిపిల్లలను రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట గడిపించి మూడేళ్ళు పరిశీలించగా, వారిలో హ్రస్వదృష్టి కొత్తగా రావడం తగ్గినదని 2015లో ప్రచురితమైన అధ్యయనం తెలిపింది. ఆరుబయలు కంటికి కూడా పథ్యమన్నమాట.

మట్టితో ఆట వేరు, మట్టి తినడం వేరు

"మట్టిలో ఆడితే రోగాలు రావా?" అని తల్లులు అడుగుతారు. ఈ భయం నిరాధారమైనది కాదు. కాని భయపడవలసినది ఏమిటో స్పష్టంగా తెలియకపోవడం వల్ల, మేలు చేసే మట్టిని కూడా బిడ్డకు దూరం చేస్తున్నాము.

మట్టి తినడం వల్ల కలిగే పాండురోగాన్ని చరకుడు చికిత్సాస్థానంలో ప్రత్యేకంగా వర్ణించాడు. వగరు మట్టి వాతాన్ని, చౌటి మట్టి పిత్తాన్ని, తీపి మట్టి కఫాన్ని ప్రకోపింపజేస్తుందని, ఆ మట్టి జీర్ణం కాకుండానే స్రోతస్సులను అడ్డగించి బలాన్ని, వర్ణాన్ని, అగ్నిని నాశనం చేస్తుందని చెప్పాడు. నేటి వైద్యులు దీనినే రక్తహీనత, నులిపురుగులు అనే మాటలలో చెబుతారు. మట్టి, సున్నం, బలపం అదేపనిగా తినే బిడ్డను కొట్టి మాన్పించడం చికిత్స కాదు. అది లోపల ఉన్న లోపానికి గుర్తు కావచ్చును. వైద్యునికి చూపించి రక్తపరీక్ష చేయించవలెను.

చేతులతో మట్టిని పిసకడం, విత్తనం నాటడం, ఆకులు ఏరడం ఇందుకు భిన్నమైనవి. ఫిన్లాండులో 2020లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, మూడు నుంచి ఐదేళ్ళ పిల్లలు గడిపే శిశు సంరక్షణ కేంద్రాల కంకర ఆవరణలో అడవి నేల మట్టిని, పచ్చిక తివాచీలను పరిచి, పిల్లలను రోజూ అక్కడ ఆడించారు. 28 రోజులకే వారి చర్మంపై ఉండే సూక్ష్మజీవుల వైవిధ్యం పెరిగినది. రోగనిరోధక వ్యవస్థకు సంబంధించిన కొన్ని రక్త సూచికలలో మంచి మార్పు కనిపించినది. ఇది చిన్న పరిశోధన. దీనివల్ల వ్యాధులు తగ్గుతాయని నిర్ధారణ కాలేదు. అయినా శుభ్రమైన మట్టి బిడ్డకు శత్రువు కాదని చెప్పడానికి ఇది చాలును.

క్రిమి చికిత్సలో చరకుడు మూడు మార్గాలు చెప్పాడు: ఉన్న క్రిములను వెలికి తీయడం, అవి పెరగలేని స్థితి కల్పించడం, కారణాన్ని వర్జించడం. మూడవదైన నిదాన పరివర్జనం తల్లిదండ్రుల చేతిలోనే ఉన్నది. కొంకిపురుగు పిల్ల వట్టికాళ్ళ చర్మం గుండా లోనికి ప్రవేశిస్తుంది. ఏలికపాము గుడ్లు మురికి గోళ్ళ ద్వారా నోటికి చేరుతాయి. కనుక కాళ్ళకు చెప్పులు, పొట్టిగా కత్తిరించిన గోళ్ళు, ఆట ముగియగానే సబ్బుతో చేతులు కడగడం, ఈ మూడూ తప్పనిసరి. 2015 నుంచి ప్రభుత్వం జాతీయ నులిపురుగుల నివారణ దినం పేరిట బడులలోను, అంగన్‌వాడీలలోను ఇస్తున్న మాత్రను కూడా వేయించవలెను. దానికి ఆయుర్వేదంతో విరోధం ఏమీ లేదు.

క్రీడాభూమి, పనిముట్లు

పిల్లల ఆటస్థలం ఎలా ఉండవలెనో అష్టాంగ సంగ్రహం ఉత్తరస్థానంలో చెప్పబడినది. నేల సమంగా ఉండవలెను. ఇనుప ముక్కలు, రాళ్ళు, గులకలు ఉండరాదు. వాయువిడంగాలు, మిరియాలు వేసిన నీటితో గాని, వేప నీటితో గాని తడపవలెను. నేటికీ ఇంతకు మించిన నియమావళి అక్కరలేదు. పెరటిలో ఆరు అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు గల స్థలాన్ని ఎంచి, గాజుపెంకులు, మేకులు, ముళ్ళు ఏరివేయండి. కుక్కలు, పిల్లులు మలవిసర్జన చేసే చోటును విడిచిపెట్టండి. ఇంటి నిర్మాణానికి తెచ్చి పోసిన ఇసుక కుప్పలను పిల్లులు వాడుకుంటాయి. వాటి మీద పిల్లలను ఆడనివ్వరాదు.

ఆటవస్తువుల విషయంలో చరకుని మాట మరింత శ్రద్ధగా వినదగినది. శారీరస్థానం ఎనిమిదవ అధ్యాయంలో, బిడ్డకు ఇచ్చే ఆటవస్తువులు రంగురంగులుగా, చప్పుడు చేసేవిగా, చూడముచ్చటగా ఉండవలెనని, బరువైనవి, మొన తేలినవి, నోటిలో దూరేవి, ప్రాణహాని కలిగించేవి, భయపెట్టేవి కారాదని చెప్పాడు. తోటపనికి ఈ సూత్రాన్ని అన్వయిస్తే పనిముట్లు ఇంట్లోనే దొరుకుతాయి. మట్టి తోడడానికి కొబ్బరి చిప్ప, కలపడానికి చెక్క గరిటె, ఆకులు మోయడానికి చిన్న వెదురు గంప, నీళ్ళు చల్లడానికి మూతకు రంధ్రాలు చేసిన సీసా. గునపం, పార, కత్తి పెద్దల చేతిలోనే ఉండవలెను.

వేళను పాటించడం

మన ప్రాంతంలో చైత్రం వసంతమే అయినా, వైశాఖానికి ఎండ గ్రీష్మాన్ని తలపిస్తుంది. సెలవు రోజులలో ఉదయం ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర వరకు, బడి ఉన్న రోజులలో సాయంత్రం ఐదు తరువాత ఆరుబయట పని పెట్టుకొనవలెను. ఒక విడత అరగంట నుంచి ముప్పావు గంట చాలును. చెమట పట్టి, ముఖం కొద్దిగా ఎర్రబడి, ఉత్సాహం తగ్గక ముందే ఆపించడం మంచిది. శక్తిలో సగం వరకే వ్యాయామం చేయమన్నది శాస్త్రాజ్ఞ. తలకు నూలు టోపీ, పలుచని నూలు బట్టలు, పక్కన మంచినీళ్ళ చెంబు ఉంచండి. బిడ్డ మగతగా ఉన్నా, వాంతి చేసుకున్నా, ఒళ్ళు కాలుతున్నా వెంటనే నీడకు చేర్చి, తడిగుడ్డతో తుడుస్తూ వైద్యశాలకు తీసుకొని వెళ్ళవలెను.

వసంతంలో చూపదగినవి, చేయించదగినవి

1. ఆకులు ఏరడం: ఫాల్గుణ, చైత్ర మాసాలలో రావి, కానుగ, వేప పాత ఆకులను రాల్చి చిగుళ్ళు తొడుగుతాయి. రాగి రంగులో మెరిసే రావి చిగురును, లేత పచ్చని కానుగ చిగురును బిడ్డకు చూపించండి. రాలిన ఆకులను గంపకెత్తించి, పెద్దవి, చిన్నవి, గరుకువి, నునుపువి అని వేరు చేయించండి. మూడు, నాలుగేళ్ళ వారికి ఇదే పెద్ద ఆట. వంగడం, లేవడం, మోయడం వల్ల వారికి తెలియకుండానే వ్యాయామం జరుగుతుంది.

2. పూతను కనిపెట్టడం: వేపపూత, మామిడి పిందె, మోదుగ పువ్వు, తరువాత రేల పువ్వు వరుసగా వస్తాయి. ఏది ఏ రోజున మొదట కనిపించినదో ఏడెనిమిదేళ్ళ పిల్లల చేత కాలెండరు మీద గుర్తు పెట్టించండి. ఉగాది పచ్చడిలోకి వేపపూత ఏరే పని వారికే అప్పగించండి. తాను ఏరిన పూత గనుక చేదైనా తింటాడు. కఫాన్ని హరించే తిక్తరసం ఆ విధంగా లోపలికి వెళుతుంది.

3. పక్షులకు నీరు: మట్టి మూకుడులో నీరు పోసి నీడలో ఉంచే బాధ్యత బిడ్డది. ఆ నీటిని ప్రతిరోజూ పారబోసి, మూకుడును రుద్ది కడిగి, తిరిగి నింపవలెను. నిలవ నీటిలో డెంగీ దోమలు పెరుగుతాయి.

4. విత్తనం నాటడం: ఈ కాలపు వేడికి తోటకూర, గోంగూర తట్టుకొంటాయి. పిల్లలకు ఓర్పు తక్కువ గనుక త్వరగా మొలిచేవే నాటించవలెను. తోటకూర నాలుగు వారాలకు కోతకు వస్తుంది. కూర ముట్టని పిల్లలు తాము పెంచిన తోటకూరను రుచి చూడడానికి ముందుకు వస్తారు.

5. నాలుగు గుంటల పరీక్ష: జానెడు లోతున నాలుగు గుంటలు తవ్వి, ఒకదానిలో అరటి తొక్క, ఒకదానిలో ఎండుటాకు, ఒకదానిలో పాత నూలుగుడ్డ పీలిక, ఒకదానిలో ప్లాస్టిక్ సంచి ముక్క వేసి పూడ్పించండి. ప్రతిదాని మీద గుర్తుగా ఒక పుల్ల పాతండి. తడి ఆరకుండా చూస్తూ మూడు వారాల తరువాత పెద్దలు తవ్వి చూపవలెను. అరటి తొక్క చాలావరకు మట్టిలో కలిసిపోయి ఉంటుంది. ఆకు, గుడ్డ చివికే దశలో ఉంటాయి. ప్లాస్టిక్ ముక్క వేసినది వేసినట్లే ఉంటుంది. భూమి దేనిని జీర్ణం చేసుకోగలదో, దేనిని చేసుకోలేదో బిడ్డకు ఉపన్యాసం లేకుండానే తెలుస్తుంది.

ఎరువు కుండ

మన పల్లెలలో ప్రతి ఇంటి వెనుక పెంటదిబ్బ ఉండేది. పేడ, పశువుల మేతలో మిగిలిన గడ్డి, బూడిద, ఆకులు అన్నీ అక్కడికే చేరి తొలకరికి పొలానికి వెళ్ళేవి. ఇండోరులో 1924 నుంచి 1931 వరకు పనిచేసిన ఆల్బర్టు హోవర్డు అనే ఆంగ్ల వృక్షశాస్త్రజ్ఞుడు ఎరువు తయారీకి ఒక క్రమపద్ధతిని రూపొందించగా, అది ఇండోరు పద్ధతిగా ప్రపంచమంతటా వ్యాపించినది. పట్టణ గృహంలో దిబ్బకు చోటు లేదు. చిన్నపిల్లలకు తగినది కుండ.

కావలసినవి: సుమారు 20 లీటర్లు పట్టే మట్టి కుండలు రెండు, మూతలు, ఎండుటాకులు నింపిన గోనెసంచి, కొబ్బరి పీచు, రెండు చిప్పల పాత ఎరువు లేదా తోటమట్టి. కుండ చుట్టూ, అడుగున చిటికెనవేలు పట్టేన్ని రంధ్రాలు పది, పన్నెండు పెద్దలు చేయవలెను.

విధానం: 1. కుండ అడుగున కొబ్బరి పీచు, ఎండుటాకులు నాలుగు అంగుళాల మందాన పరచాలి. దాని మీద ఒక చిప్ప పాత ఎరువు చల్లాలి. ఎరువును పక్వం చేసే సూక్ష్మజీవులకు ఇది తోడు వంటిది. పాలకు తోడు వేస్తే పెరుగు అయినట్లే ఇదీ అని చెబితే పిల్లలకు వెంటనే అర్థమవుతుంది.

2. కూరగాయల చెక్కు, అరటి తొక్క, ఆకుకూర కాడలు, వాడిన పూలు, వడకట్టిన టీపొడి మొదలైనవి చిన్న ముక్కలుగా చేసి వేయాలి. మెత్తనివి పిల్లలు చేతితో తుంచగలరు.

3. తడి పదార్థం ఒక చిప్ప వేస్తే, ఎండుటాకులు నలిపి రెండు చిప్పలు వేయాలి. పిల్లలు గుర్తుంచుకొనవలసిన లెక్క ఇది ఒక్కటే: తడి ఒకటి, పొడి రెండు.

4. మూడు రోజులకొకసారి పెద్దలు కర్రతో అడుగు వరకు కలియబెట్టాలి. గుప్పెడు తీసి పిండితే చుక్క రాలకూడదు, వదిలితే ముద్ద మెల్లగా విడిపోవలెను. అది సరైన తడి. ఎండలకు కుండ త్వరగా ఆరుతుంది కనుక అవసరమైనప్పుడు బిడ్డ చేత నీరు చిలకరింపజేయండి.

5. మొదటి కుండను అంచు వరకు నింపక, పై నాలుగవ వంతు ఖాళీగా విడిచి, మూత పెట్టి నీడలో ఉంచండి. తరువాత రెండవ కుండ మొదలుపెట్టండి. రెండు నెలలు, ఒక్కొక్కప్పుడు మూడు నెలలకు నల్లగా, పొడిపొడిగా, తొలకరి వాన వాసనతో ఎరువు సిద్ధమవుతుంది.

వేయకూడనివి: నూనె, ఉప్పు తగిలిన వంటకాలు, మాంసం, చేపలు, పాలు, పండ్లకు అంటించిన స్టిక్కర్లు, మెరుపు కాగితం, కుక్క, పిల్లి మలం. మలంలోని రోగక్రిములు చావడానికి పెద్ద కుప్పలలో పుట్టేంతటి వేడి కావలెను. అది సుమారు 55 డిగ్రీల వేడి, కొన్ని రోజుల పాటు నిలవవలెను. చిన్న కుండ అంత వేడెక్కదు. కనుక వాటిని అసలే చేరనివ్వరాదు. పచ్చి పేడను కూడా పిల్లల చేతికి ఇవ్వవద్దు. బెల్లపు నీరు కొందరు పోస్తారు కాని, చీమలు పట్టడం తప్ప ఇంట్లో దాని అవసరం లేదు.

కుండలోని జఠరాగ్ని

ఈ కుండ బిడ్డకు నేర్పే పాఠం తోటపనితో ముగియదు. ఆయుర్వేదంలో అత్యంత ముఖ్యమైన విషయం అగ్ని. జఠరాగ్ని మందం, తీక్ష్ణం, విషమం, సమం అని నాలుగు విధాలు. ఆహారం సరిగా పక్వం కాకపోతే ఆమం పుడుతుంది. రోగాలకు అది మూలం. ఇది మాటలతో చెబితే ఐదేళ్ళ బిడ్డకు తెలియదు. కుండ మూత తీసి చూపితే తెలుస్తుంది.

తొక్కలు ఎక్కువ, ఎండుటాకులు తక్కువ వేసి అణగద్రొక్కితే రెండు మూడు రోజులలో దుర్వాసన పుడుతుంది. గాలి ఆడక, తడి మిక్కుటమై, కుండలోని అగ్ని మందగించినది. అది కుండకు పట్టిన ఆమం. ఎండుటాకులు చేర్చి కలియబెడితే వాసన పోతుంది. మరొక కుండ పూర్తిగా ఎండిపోతే ఎన్ని రోజులైనా ఆకు ఆకుగానే ఉంటుంది. నీరు చిలకరిస్తే పని తిరిగి మొదలవుతుంది. తడి, పొడి, గాలి సమంగా ఉన్న కుండలో వాసన లేదు, పురుగు లేదు, పాకం చక్కగా సాగుతుంది.

ఆహారం ఎంత తినవలెనో వాగ్భటుడు ఇలాగే చెప్పాడు. కడుపును నాలుగు భాగాలనుకొంటే రెండు భాగాలు ఘనాహారానికి, ఒక భాగం ద్రవానికి, మిగిలిన నాలుగవ భాగం వాయువు సంచరించడానికి విడవవలెను. కుండలో పై నాలుగవ వంతు ఎందుకు విడిచామో తెలిసిన బిడ్డకు, పెళ్ళి విందులో మూడవ లడ్డూ ఎందుకు వద్దంటున్నామో విడమరచి చెప్పనక్కరలేదు. "కుండ నిండిందా?" అని అడిగితే చాలును. నమలకుండా మింగే పిల్లవానికి, పెద్ద ముక్కలు కుండలో ఎంత ఆలస్యంగా చివికాయో చూపండి. తిన్న వెంటనే మళ్ళీ తినే అలవాటున్న వానికి, పాతది పక్వం కాకముందే కొత్తది కుమ్మరించిన కుండను చూపండి. ఆహార నియమం భయంతో కాక జ్ఞానంతో అబ్బుతుంది. ఎరువు కుండ వల్ల కలిగే ప్రధాన ప్రయోజనం ఇదే అని మా అభిప్రాయం.

ప్రమాదాలు, జాగ్రత్తలు

విష మొక్కలు: పిల్లలు గింజలు, కాయలు ఏరి నోట పెట్టుకొంటారు. గన్నేరు, పచ్చగన్నేరు, ఉమ్మెత్త, ఆముదం, అడవి ఆముదం పెరటిలోను, వీధి చివరను సర్వసాధారణం. ఎర్రని గురిగింజ ఆటవస్తువు వలె ఆకర్షిస్తుంది. దానిని నమిలి మింగితే ప్రాణాపాయం. జిల్లేడు పాలు కంటిలో పడితే చూపుకే ముప్పు. వెంటనే ధారగా మంచినీటితో చాలాసేపు కడిగి కంటి వైద్యునికి చూపవలెను. వయ్యారిభామ మొక్క ఒరిపిడికి చర్మంపై దద్దుర్లు, కొందరికి ఆయాసం వస్తాయి. ఈ మొక్కలను పిల్లలకు ముందే చూపి, ముట్టరాదని నేర్పండి. విష గింజ మింగినట్లు అనుమానం వస్తే ఇంట్లో వాంతి చేయించే ప్రయత్నం మాని, మిగిలిన గింజను వెంట పెట్టుకొని ఆసుపత్రికి వెళ్ళండి.

విష జంతువులు: ఆకుల కుప్పలలో తేలు, జెర్రి, పాము చేరవచ్చును. కుప్పను ముందుగా పెద్దలు కర్రతో కదిపిన తరువాతనే పిల్లలను చేయి పెట్టనివ్వాలి. తేలు, పాము కుట్టినా, కరచినా పసరు వైద్యంతో కాలం వృథా చేయరాదు. కరచిన భాగం కదలకుండా ఉంచి తక్షణం ఆసుపత్రికి చేర్చవలెను.

గాయాలు: మట్టిలో గీరుకొన్న ప్రతి గాయాన్ని సబ్బుతో, పారే నీటితో కడగాలి. ధనుర్వాతం టీకా మోతాదులు, పదహారు నెలల నుంచి రెండేళ్ళ లోపు ఒకటి, ఐదారేళ్ళ వయస్సులో ఒకటి ఇచ్చే బూస్టర్లతో సహా, పూర్తి అయినవో లేదో చూసుకోండి.

ఉబ్బసం ఉన్న పిల్లలు: కుండ కలియబెట్టేటప్పుడు బూజు, దుమ్ము లేస్తాయి. ఆ సమయంలో వారిని దూరంగా ఉంచి, నాటడం, నీరు పోయడం వంటి పనులు ఇవ్వండి.

ఈ సందర్భంలో ఆకుల పొగ గురించి కూడా చెప్పాలి. వసంతంలో వీధి వీధినా ఎండుటాకులు ఊడ్చి నిప్పు పెట్టడం ఒక ఆచారమైపోయినది. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు దీనిని నిషేధించాయి. అయినా పొగ ఆగలేదు. కఫం కరిగి శ్వాసమార్గం బరువెక్కి ఉన్న పసివానికి ఆ పొగ ద్విగుణ హాని. కుండలోకి, సంచిలోకి చేరిన ప్రతి గంపెడు ఆకు వల్ల ఆ వీధి పిల్లలు పీల్చే పొగ అంతమేరకు తగ్గుతుంది.

ఆట తరువాత

చేతులు, కాళ్ళు సబ్బుతో కడిగించి, గోళ్ళ సందులు శుభ్రం చేయించండి. వారానికి రెండు రోజులు ఒంటికి నువ్వుల నూనె పలుచగా రాచి, పెసరపిండి, కొద్దిగా పసుపు కలిపిన సున్నిపిండితో నలుగు పెట్టి గోరువెచ్చని నీటితో స్నానం చేయించడం వసంతంలో ప్రశస్తం. జలుబు, జ్వరం ఉన్న రోజున నూనె వద్దు. దాహానికి చిటికెడు శొంఠి వేసి కాచి చల్లార్చిన నీరు ఇవ్వవచ్చును. నాలుగైదు గుటకలు చాలును. ఎండ ముదిరిన వైశాఖంలో దానికి బదులు పలుచని మజ్జిగ మేలు. అల్పాహారంగా పేలాలు, పెసరపప్పుతో చేసిన పలుచని పులగం మంచివి. తేనె వసంతంలో హితమే గాని, ఏడాది నిండని బిడ్డకు చుక్క కూడా నాకించరాదు.

పెరడు లేని వారికి

అపార్టుమెంటులో నివసించేవారు నిరాశ చెందనక్కరలేదు. నీడ పడే వసారాలో ఒక ఎరువు కుండ, రెండు తోటకూర కుండీలు పెట్టుకొంటే చాలును. కుండ కింద పళ్ళెంలో నీరు నిలవనివ్వకండి. ఎండుటాకులకు దగ్గరలోని పార్కు ఉన్నది. వారానికి ఒకసారి సంచి పట్టుకొని బిడ్డతో వెళ్ళి నింపుకొని రావడమే ఒక విహారం. రెండు మూడు ఇళ్ళ పిల్లలు కలిస్తే మరీ మంచిది. జర్మన్ భాషలో కిండర్‌గార్టెన్ అంటే పిల్లల తోట అని అర్థం. 1840లో ఆ పేరు పెట్టిన ఫ్రోబెల్ పిల్లల చేత నిజంగానే మడులు పెంచజేశాడు. నేడు ఆ పేరు గల తరగతులలో తోట కనిపించదు. దానిని ఇంటివద్దనైనా కల్పించుదాము.

కాలక్రమం

ఉగాది నాటికి కుండలు, ఆకుల సంచి సిద్ధం చేసుకొని పండుగ మరునాడు మొదలుపెట్టండి. చైత్రమంతా మొదటి కుండ నింపి, వైశాఖంలో దానిని కదపక మగ్గనివ్వండి. జూన్ మొదటి వారం దాటి మృగశిర కార్తె ప్రవేశించేసరికి ఎరువు పక్వానికి వస్తుంది. తొలకరి పడిన రోజున ఆ ఎరువు ఒక పాలు, మట్టి రెండు పాళ్ళు కలిపి, బిడ్డ చేతనే ఒక కరివేప మొక్కనో, తులసి మొక్కనో నాటించండి. ఉగాది నాటి అరటి తొక్క ఈ మట్టిలోనే ఉన్నదని అప్పుడు చెప్పండి. ఆ తరువాత బిడ్డ అడిగే ప్రశ్నలకు ఓపికతో సమాధానం చెప్పడం తల్లిదండ్రుల వంతు.